విస్మయము

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ ఉదయమున గుంటూరు పట్టణములో ఒక వర్తకుని మేడమీద, ఫ్రాన్సు దేశీయుడగు జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు తన పరికరములతో వేచియుండెను. ఆనాడు సంపూర్ణ సూర్యగ్రహణము కలుగునని గణితజ్ఞులు ముందే లెక్కకట్టి చెప్పియుండిరి. చెప్పిన వేళకు చంద్రబింబము సూర్యుని కప్పివైచెను. పట్టపగలు చీకట్లు క్రమ్మెను. నల్లని బింబము చుట్టును తెల్లని కాంతివలయ మొకటి వెలుగొందెను. ఆ దృశ్యము ఐదు నిమిషములకు పైగా నిలిచెను.

ఇట్టి దానిని చూచినవాని మనస్సున కలుగు భావమునకు విస్మయమని పేరు. భరతముని అద్భుతరసమునకు స్థాయీభావముగా చెప్పినది దీనినే. సంస్కృతమున ‘స్మి’ ధాతువునకు చిరునవ్వు నవ్వుట యని యర్థము. విస్మయశబ్దము దానినుండియే పుట్టినది. అయినను దీనికి భయముతో చుట్టరికము లేకపోలేదు. రెంటియందును దేహము కొయ్యబారును, రోమములు నిక్కబొడుచును. కాని భయపడినవాడు పారిపోజూచును. విస్మయము నొందినవాడు కదలలేడు, కదలగోరడు. అంత పెద్ద దాని యెదుట తా నెంత చిన్నవాడో తెలిసికొనియు చిన్నబుచ్చుకొనడు.

తెలివి కలిగినకొలది విస్మయము తరిగిపోవునని కొందరు తలతురు. అది పొరపాటు. సూర్యుని వ్యాసము చంద్రుని వ్యాసమునకు దాదాపు 400 రెట్లు. సూర్యుడు మనకు చంద్రునికంటె దాదాపు 400 రెట్లు దూరమున నున్నాడు. కావుననే రెండు బింబములును మన కంటికి సమానముగా కనబడుచున్నవి. ఈ లెక్క నెరిగినవానికి ఆశ్చర్యము హెచ్చునే కాని తగ్గదు.

జాన్సెన్ గ్రహణము నెరిగియే వచ్చినవాడు. కాంతిని రంగులుగా విడదీసి చూపు వర్ణపటదర్శినితో, సూర్యుని యంచున లేచు జ్వాలలను పరీక్షించెను. వాని గీతలు మిక్కిలి కాంతివంతములై యుండుట చూచి, గ్రహణము లేనప్పుడును వీనిని చూడవచ్చును గదా యని తలచెను. మరునాడే చూచెను. ఆ గ్రహణమున కానవచ్చిన గీతలలో పసుపుపచ్చని దొకటి కలదు. అది భూమిమీద అప్పటికి తెలిసిన యే మూలకమునకును చెందనిదని ఇంగ్లండులోని లాకియర్ తరువాత నిర్ణయించెను. గ్రీకుభాషలో సూర్యునకు గల పేరునుబట్టి ఆ మూలకమునకు హీలియ మని పేరు వచ్చెను. 1895లో రామ్సే అను శాస్త్రజ్ఞుడు ఒక ఖనిజమునుండి దానిని వెలువరించెను.

అందరును జాన్సెన్ వలె మేడ యెక్కరు. 1980 ఫిబ్రవరి 16న తెలంగాణమున సంపూర్ణ సూర్యగ్రహణము కలిగినపుడు హైదరాబాదు వీధులు నిర్మానుష్యములై యుండెను. పెక్కుమంది తలుపులు మూసికొని యింటనే కూర్చుండిరి. బింబము పూర్తిగా కప్పబడనంతవరకు సూర్యుని వట్టికంటితో చూడరాదన్న మాట నిజమే. తగిన అద్దములు లేనిదే చూచిన కన్ను చెడును. అయితే వారిలో అనేకులు వెరచినది కంటికొరకు గాదు. ఆ సమయముననే నగరమునకు కొంత దూరమున, రంగాపురమునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయ వేధశాలయొద్ద కొందరు తల లెత్తి నిలిచియుండిరి. వారికి సుమారు రెండు నిమిషములపాటు నల్లని సూర్యుడును, తెల్లని వలయమును కనబడెను.