గేజి చెప్పేది సగమే

మిషిగన్, మిన్నెసోటా సరస్సుల వైపు పాత పడవ కొంటే దాని వెనక పాత టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారు కూడా వస్తుంది. అది సరిగ్గా లాగకపోతే ఎవరో ఒకరు కంప్రెషన్ గేజి పెట్టి, అంకె తక్కువుంది కాబట్టి ఇంజిన్ పోయిందని తేల్చేస్తారు. ఒక్క అంకెను నమ్మి ఆ తీర్పు ఇవ్వకూడదు. గేజికీ గేజికీ తేడా ఉంటుంది. బ్యాటరీ నీరసించినా, థ్రాటిల్ పూర్తిగా తెరవకపోయినా మంచి ఇంజిన్ సైతం తక్కువే చూపిస్తుంది. ప్లగ్గులన్నీ తీసి, వైర్లను ఇంజిన్ బాడీకి ఎర్త్ చేసి, ఒకే గేజితో సిలిండర్లన్నీ చూసి పోల్చాలి. తేడా పది, పదిహేను శాతం లోపుంటే కంగారు లేదు. ఒకటి 110 పీఎస్‌ఐ, రెండోది 70 చూపిస్తే కారణం వెతకాల్సిందే. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిపోయిందేమో ముందు చూడాలి.

కారణం కళ్లకు కనిపిస్తుంది. ప్లగ్ మొనలోని తెల్ల పింగాణీ మీద సన్నటి మెరిసే చుక్కలుంటే అది పిస్టన్ నుంచి కరిగి వచ్చిన అల్యూమినియం. ఎగ్జాస్ట్ కవర్ విప్పి పోర్టులోకి టార్చి వేస్తే పిస్టన్ మీద నిలువు గీతలు పడ్డాయో లేదో తెలుస్తుంది. అక్కడే రింగును చెక్కపుల్లతో మెల్లగా నొక్కితే లోపలికి పోయి వెనక్కి రావాలి. కదలకపోతే మసితో పట్టేసిందన్నమాట. కార్బన్ కరిగించే మందుతోనే అది విడిపోవచ్చు. గీతలు పడ్డ ఇంజిన్‌కు కొత్త పిస్టన్ వేసినంత మాత్రాన పని పూర్తికాదు. పెట్రోలులో నూనె కలిపి పోసే మోటారులో కార్బురేటర్ జెట్ పూడితే పెట్రోలుతోపాటు నూనె కూడా తగ్గుతుంది. వేడి పెరిగే వేళకే జిడ్డు కరువవుతుంది. చలికాలమంతా ట్యాంకులో నిలవున్న పెట్రోలు జిగురుగా మారి చేసే పని తరచుగా ఇదే. ఆ జెట్ శుభ్రం చేయకపోతే కొత్త పిస్టన్ కూడా అలాగే కాలుతుంది.

మెకానిక్ కూలి ఇంత ఖరీదైన దేశంలో ఈ వెతుకులాట దేనికి, కొత్తది కొంటే పోదా అనేవారున్నారు. క్రాంక్ బేరింగులు అరిగినా, ఉప్పునీటికి బ్లాక్ తినేసినా వారి మాటే నిజం. పట్టేసిన రింగుకూ, కాలిన గ్యాస్కెట్‌కూ అది వర్తించదు. అంకె బాగున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికీ లేదు. గేజి పిస్టన్ పైభాగం సంగతే చెబుతుంది, కింది గేర్ల సంగతి దానికి తెలియదు. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడి దిగితే సీలు దాటి నీళ్లు చేరాయని అర్థం. ఆ నీరు చలికి గడ్డకడితే గేర్ కేసే పగలొచ్చు. అందుకే బేరం మాట్లాడే ముందు గేర్ కేసు అడుగునున్న స్క్రూ కాస్త వదులు చేసి, ముందుగా దిగే నాలుగు చుక్కలు చూడనివ్వమని అమ్మేవారిని అడగండి.