జానపదగాయని జాజ్ బాట

సూరతు నగరమున లింబాయతు మరమగ్గముల హోరు నడుమను బతుకమ్మపాటను మఱువని మన పద్మశాలీలకు, పల్లెపాట పరదేశపు వాద్యముతో చెలిమి చేసిన ముచ్చట చెప్పవలెనని నా చిరకాలవాంఛ. బాల్యమున పోలియో సోకి ఎడమచేయి బలహీనపడగా, గిటారు తంత్రులను తనకు అనువైన శ్రుతులకు మార్చుకొనిన కెనడా జానపదగాయని జోనీ మిచెల్, ఆ వింత స్వరసమ్మేళనములను రాక్ వాద్యకారులు అనుసరింపజాలకుండుటచే జాజ్ విద్వాంసులను ఆశ్రయించెను.

1976లో వెలువడిన ఆమె ‘హెజీరా’ ఆల్బములో, ఆ విద్వాంసులలో ఒకడైన జాకో పాస్టోరియస్ వాయించిన బేస్ గిటారుకు మెట్లు లేవు. కావున స్వరము మన గోటువాద్యమునందువలె జాఱుచు, ఆమె గళమునకు నీడవలె గాక, ఎదుట కూర్చుండి మాఱుపలుకు రెండవ కంఠమువలె వినబడును. ఇంతటి ఆత్మీయసంభాషణ నేను మఱెచ్చటను వినలేదు. పిమ్మట వ్యాధిగ్రస్తుడైన జాజ్ విద్వాంసుడు చార్లెస్ మింగస్ కూర్చిన బాణీలకు ఆమె సాహిత్యము వ్రాసెను; 1979 జూన్‌లో ఆ పాటల ఆల్బము వెలువడునప్పటికి ఆయన జీవించి లేడు.