గేరు రాడ్డు దూరప్రయాణం

పాత అంబాసిడర్ నడిపినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. సిగ్నల్ దగ్గర పచ్చలైటు వెలుగుతుంది. స్టీరింగు పక్కనున్న గేరు రాడ్డు మాత్రం పైకీ కిందికీ కదలకుండా బిగుసుకుపోతుంది. వెనక లారీల హారన్ల మోత. డ్రైవరు తాపీగా దిగి, బానెట్ ఎత్తి, స్టీరింగు కాలమ్ అడుగున ఉన్న కడ్డీలను చేత్తో ఓసారి అటూ ఇటూ కుదిపి, చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటాడు. ఈసారి గేరు పడుతుంది.

గేర్‌బాక్సును ఆయన ముట్టుకోనే లేదు. జబ్బు దాన్లో లేదు. డ్రైవరు చేతికీ గేర్‌బాక్సుకీ నడుమ ఉన్న దారిలో ఉంది.

ఆ దారి ఒకప్పుడు చాలా పొట్టి. ఫ్రాన్సులో పనార్-లెవస్సోర్ కంపెనీ 1890ల తొలినాళ్లలో ముందు ఇంజను, దాని వెనక క్లచ్, ఆ వెనక గేర్లు, చివర చక్రాలు అనే వరసను స్థిరపరిచింది. పళ్లచక్రాలను జరిపి ఒకదానితో ఒకటి కలపడమే గేరు మార్చడం. తర్వాతి దశాబ్దాల్లో చాలా కార్లకు రాడ్డు నేరుగా గేర్‌బాక్సు మూతలోంచే పైకి లేచేది. మధ్యలో కీళ్లు లేవు, అరగడానికి బుష్‌లు లేవు.

కానీ పళ్లు కలిసేటప్పుడు వచ్చే గరగర మాత్రం భరించలేనిది. ఎందుకో ఒక లెక్కతో చూద్దాం. మొదటి గేరు నిష్పత్తి 3.6, రెండోది 2.2 అనుకుందాం. మొదటి గేరులో క్లచ్ ప్లేటు నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంటే, కారు అదే వేగంతో పోతుండగా రెండో గేరు పడాలంటే అది సుమారు 1,830కి తగ్గాలి. తగ్గకముందే కలిపితే పళ్లు కొట్టుకుంటాయి. ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించిన సింక్రోమెష్ 1928లో కాడిలాక్ కార్లలోకి వచ్చి ఈ బాధ తీర్చింది. తర్వాత స్థిరపడిన రూపంలో, పళ్లు కలిసే ముందు శంకువు ఆకారపు ఇత్తడి రింగు గేరుకు ఒరుసుకుని రెండింటి వేగాన్నీ సమం చేస్తుంది. ఒరుసుకోవడమే దాని పని కాబట్టి అరగడం కూడా దాని రాతే.

1930ల చివర్లో అమెరికా కార్లలో రాడ్డు నేల వదిలి స్టీరింగు పక్కకు ఎక్కింది. ముందు సీటులో ముగ్గురు కూర్చునే వీలు దొరికింది. 1957లో మన దేశంలో మొదలైన అంబాసిడర్‌దీ, ఫియట్ వంశంలో పుట్టిన పద్మినిదీ ఇదే ఏర్పాటు. సీటు మీద చోటు పెరిగింది, బానెట్ కింద కీళ్లూ పెరిగాయి. రాడ్డు కదలిక కాలమ్ వెంట కిందికి దిగి, మలుపు తిరిగి, కడ్డీల గుండా గేర్‌బాక్సుకు చేరాలి. ప్రతి కీలు దగ్గరా కాస్త కాస్త సందు ఏర్పడితే, చివరికి రెండు గేర్ల మధ్య ఇరుక్కుపోయేంత సందు అవుతుంది.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేసరికి రాడ్డు మళ్లీ నేల మీద కనిపించింది. అయితే ఆ చోటు మోసం చేస్తుంది. గేర్‌బాక్సు రాడ్డు కింద లేదు. అడ్డంగా కూర్చున్న ఇంజను పక్కన, బానెట్ కింద ఉంది. రెండింటినీ కలుపుతూ కారు అడుగున ఒక కడ్డీ పోతుంది, చివర్లలో బుష్‌లుంటాయి. ఎండకూ బురదకూ ఏళ్ల తరబడి నాని, ఎండి అవి అరిగితే న్యూట్రల్‌లో రాడ్డు గుడిగంట నాలుకలా ఊగుతుంది. రెండో గేరుకు లాగితే నాలుగో గేరు తగులుతుంది.

‘గేరు పడటం లేదు’ అని బండి వచ్చినప్పుడు అనుభవమున్న మెకానిక్ ముందు ఇంజను ఆపేస్తాడు. క్లచ్ తొక్కి గేర్లన్నీ ఒక్కొక్కటే వేసి చూస్తాడు. పళ్లు ఎదురెదురుగా నిలిచి ఏదైనా ఒకటి మొరాయిస్తే కారును జానెడు ముందుకు తోసి మళ్లీ వేస్తాడు. ఇంజను ఆపినప్పుడు మెత్తగా పడే గేర్లు స్టార్టు చేశాక పడకపోతే అనుమానం క్లచ్ మీదికి పోతుంది. కేబుల్ సాగిందేమో, క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదేమో. దీన్ని తేల్చేది రివర్స్ గేరు. చాలా పాత కార్లలో దానికి సింక్రోనైజర్ రింగు ఉండదు. ఇంజను తిరుగుతుండగా పెడల్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేస్తే నిశ్శబ్దంగా పడాలి. గరగరమంటే క్లచ్ ఇంకా లోపలి షాఫ్టును తిప్పుతూనే ఉందని అర్థం.

నడుస్తున్నప్పుడు ఒక్క గేరే, సాధారణంగా రెండోది, గరగరమంటే కథ వేరు. పాత లారీ డ్రైవర్లకు తెలిసిన చిట్కా ఇక్కడ పరీక్షగా పనికొస్తుంది. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. అలా వేస్తే శబ్దం పోయిందంటే రింగు అరిగింది, గేర్‌బాక్సు దించక తప్పదు. పాత అంబాసిడర్‌లో కారు కదులుతుండగా మొదటి గేరు అరిచిందని మాత్రం బెంబేలు పడనక్కర్లేదు. దానికి పుట్టుకతోనే రింగు లేదు. పూర్తిగా ఆగాకే వేయాలి.

పడిన గేరు ఆక్సిలరేటర్ తొక్కగానే ఊడి న్యూట్రల్‌లోకి వస్తుంటే లోపలి పళ్లు అరిగి ఉండొచ్చు. గేరును పట్టి ఉంచే స్ప్రింగు, గోళీ బలహీనపడి ఉండొచ్చు. కానీ ముందు చూడాల్సింది ఇంజను మౌంటింగులు. ముందుచక్రాలతో నడిచే కారులో అవి చితికితే ఇంజనుతో పాటు గేర్‌బాక్సూ ఊగుతుంది. రాడ్డేమో బాడీకి బిగించి ఉంటుంది. ఆ తేడాకు కడ్డీయే గేరును వెనక్కి లాగేయగలదు. మారుతి 800లో గేరు కడ్డీకి తోడుగా ఇంకో కడ్డీ పెట్టింది ఈ తేడాను సరిచేయడానికే.

ఆయిల్ సంగతీ ఉంది. పొద్దున్నే బిర్రుగా ఉండి, నాలుగు కిలోమీటర్లు పోయాక గేర్లు తేలికపడితే ఆయిల్ చిక్కదనం, మట్టం చూసుకోవాలి. డబ్బా మీద జీఎల్-4 అని ఉందా, జీఎల్-5 అని ఉందా అన్నదీ ముఖ్యమే. రెండో రకం కొన్నిట్లోని గంధక రసాయనాలు ఇత్తడి రింగులకు పడవు.

హైదరాబాదులో కొత్త మారుతి 800ల అమ్మకం 2010లోనే ఆగింది. 2014లో అటు దాని ఉత్పత్తీ, ఇటు అంబాసిడర్ ఉత్పత్తీ ముగిశాయి. షెడ్లకు వచ్చే బళ్లు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి. గుంట మీద కారు ఆపి, పైన కుర్రాడు రాడ్డు పట్టుకుని మెల్లగా కదుపుతుంటాడు. కింద మెకానిక్ టార్చి వేసి కడ్డీ వెంట చూపు నడుపుతాడు. ఒక కీలు దాకా కదలిక వస్తోంది, దాని అవతల రావడం లేదు. గేర్‌బాక్సు దించే మాట పక్కనబెట్టి, ‘బుష్ తీసుకురా’ అంటాడు.