పౌనుకు 240 పలుకులు

పలాస, కాశీబుగ్గ బజారులో జీడిపప్పు ధర అడిగితే ముందు రకం తేల్చుకోమంటారు. గుండా, బద్దా, ముక్కా? గుండు అయితే ఏ నంబరు: 180, 210, 240, 320? నంబరు పెరిగేకొద్దీ పలుకు చిన్నదవుతుంది, ధర దిగుతుంది. ఆ నంబరు వెనకున్న లెక్క మాత్రం కిలోలది కాదు. ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని పలుకులు తూగుతాయో ఆ సంఖ్యే రకం పేరు. మన దేశం వీశెలనూ పౌన్లనూ వదిలి కిలోల్లోకి మారడానికి చట్టం చేసింది 1956లో. అయినా ఎగుమతి డబ్బాకు ప్రమాణం ఇప్పటికీ 25 పౌన్లే. ముడి పిక్కలు కొనేది 80 కిలోల బస్తాగా; ఆ బస్తాలోంచి దిగే పప్పును మళ్ళీ పౌన్లలోనే చెబుతారు. 48 పౌన్లు దిగిందంటే మంచి సరుకు కింద లెక్క. సగం కిలోలు, సగం పౌన్లుగా సాగే ఈ వింత కొలతను అర్థం చేసుకోవాలంటే 500 ఏళ్ళ కిందటి సముద్రపు దారుల దాకా పోవాలి. ఐరోపా నావికులు కొత్త దారులు కనిపెట్టారని బడిలో చదువుకున్న కథ పలాస చుట్టూ ఉన్న ఉద్దానానికి ఏం మిగిల్చిందంటే, ఒక చెట్టునూ ఒక బేరం పద్ధతినీ మిగిల్చిందని నేనంటాను. చెట్టు ఎప్పుడో మనదైపోయింది. బేరం ఇంకా మన చేతికి రాలేదు.

1498 మే నెలలో వాస్కో డ గామా కోళికోడ్ దగ్గర దిగాడన్నది అందరికీ తెలిసిందే. ఉద్దానం కథకు అంతకన్నా ముఖ్యమైనది ఆ తర్వాతి ప్రయాణం. 1500 మార్చిలో పెద్రో అల్వారెస్ కబ్రాల్ 13 ఓడలతో లిస్బన్ నుంచి ఇండియాకని బయల్దేరాడు. ఏప్రిల్ 22న అతనికి కనిపించింది బ్రెజిల్ తీరం. తూర్పుకు పోవాల్సినవాడికి పడమటి దేశం ఎలా తగిలింది? గాలి వల్ల. తెరచాప ఓడ ఆఫ్రికా ఒడ్డునే పట్టుకుని చివరిదాకా దక్షిణానికి పోదామంటే ఎదురుగాలి, ఎదురు ప్రవాహం. అందుకని పోర్చుగీసువాళ్ళు అట్లాంటిక్‌లో బాగా పడమటికి జరిగి, పెద్ద వంపు తిరిగి, దక్షిణాన వీచే పడమటి గాలులను అందుకుని ఆఫ్రికా కొనను చుట్టేవారు. ఆ వంపు కాస్త పెద్దదైతే ఎదురయ్యే నేల బ్రెజిలే. అక్కడ నుంచి కదిలాక మే నెల తుఫానులో కబ్రాల్ నాలుగు ఓడలు పోగొట్టుకున్నాడు. సెప్టెంబరుకు కోళికోడ్ చేరాడు. ఒకే ప్రయాణంలో నాలుగు ఖండాలను తాకిన మొదటి నౌకాదళం ఇదేనంటారు. అప్పటిదాకా మన సముద్రానికీ అమెరికా ఖండానికీ మధ్య రాకపోకలు లేవు. ఇక ముందు బ్రెజిల్, మొజాంబిక్, గోవా ఒకే రాజ్యపు ఓడల బాటలో మజిలీలయ్యాయి.

జీడిమామిడి సొంత ఊరు ఆ బ్రెజిల్ ఈశాన్య తీరపు ఇసుక నేల. అక్కడి తుపీ ప్రజలు పండు తినేవారు, దాని రసాన్ని పులియబెట్టి తాగేవారు, పిక్కను కాల్చి పప్పు తీసుకునేవారు. గోవాలో స్థిరపడి మన మందుమొక్కల మీద పెద్ద పుస్తకం రాసిన వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో దాని ఊసెత్తలేదు. 1578లో పుస్తకం అచ్చువేసిన మరో వైద్యుడు అకోస్టా మాత్రం కొచ్చిలోని తోటల్లో ఈ చెట్టును చూశానన్నాడు. ఆ శతాబ్దపు రెండో సగంలో ఇది మన పడమటి తీరాన వేళ్ళూనిందనడానికి ఈ రెండు పుస్తకాలూ చాలు. ఇది ఐరోపావాళ్ళు మనకు చేసిన ఉపకారం అనేవాళ్ళున్నారు. వాళ్ళు వచ్చింది మిరియాలకూ లవంగాలకూ. మిరియాల బేరం కోసం కోళికోడ్ మీద ఫిరంగులు పేల్చినవాళ్ళు ఉద్దానం రైతు బాగు కోరి విత్తనం తెచ్చారనుకోవడం అమాయకత్వం. జీడి పిక్క ఎండితే చాలాకాలం చెడదు, ఓడలో చోటు పెద్దగా ఆక్రమించదు, కాబట్టి వచ్చింది. మిరపకాయ, జామ, బొప్పాయి, వేరుశనగ, పొగాకు కూడా అలాగే అమెరికా నుంచి సముద్రం దాటి వచ్చినవే. ఆవకాయలో కారం, తిరుమల లడ్డూలో జీడిపప్పు పరాయివని ఇప్పుడెవరైనా అంటే నవ్విపోతారు. మిరియాల వ్యాపారం చేసిన సామ్రాజ్యం పోయింది, వాళ్ళు లెక్కలో వేసుకోని మొక్కలు నిలిచాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది సబబైనదే. సముద్ర వ్యాపారం మనకు ఐరోపావాళ్ళు నేర్పారా? కళింగ ఓడలు అంతకు వెయ్యేళ్ళ ముందే తూర్పు దీవులకు పోలేదా? పోయాయి. వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం, దానికి దగ్గర్లో కొండ మీద శాలిహుండం బౌద్ధ స్తూపాలు ఆ పాత రేవు సంపదకు సాక్ష్యం. 2వ శతాబ్దంలో టాలమీ కళింగ తీరంలోని పలూర అనే చోటును చెబుతూ, తూర్పు దేశాలకు పోయే ఓడలు ఒడ్డు వదిలి నడిసముద్రంలోకి తిరిగేది ఆ దగ్గర్లోనే అన్నాడు. కాబట్టి ఈ తీరానికి ఐరోపావాళ్ళు ఓడను పరిచయం చేయలేదు. వాళ్ళు మార్చింది ఓడ వెనకున్న లెక్కను. పాత వ్యాపారంలో ఒక రేవులో ధర నచ్చకపోతే సరుకు ఇంకో రేవుకు పోయేది. మొత్తం దారి ఏ ఒక్కరి చేతిలోనూ ఉండేది కాదు. 17వ శతాబ్దంలో మచిలీపట్నంలో, భీమునిపట్నంలో దిగిన డచ్చి కంపెనీ దగ్గర మనకు కావలసిన సరుకు దాదాపు ఏమీ లేదు. వాళ్ళు ఎక్కువగా తెచ్చింది వెండి, బంగారం. అందులో పెద్ద వంతు పెరూ, మెక్సికో గనుల్లో పుట్టిన అమెరికా వెండి. దాంతో ఇక్కడ బట్ట కొన్నారు, ఆ బట్టను ఇండోనేషియా దీవుల్లో ఇచ్చి లవంగాలు, జాజికాయలు కొన్నారు, వాటిని ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో అమ్ముకున్నారు. శ్రీకాకుళం మస్లిన్ నేసిన సాలెకు తన బట్ట ఏ దీవిలో ఏ ధర పలికిందో తెలిసే వీలు లేదు. రెండు కొసలూ తెలిసినవాడు కంపెనీ గుమస్తా ఒక్కడే. లాభం ఆ తెలిసినతనంలోనే ఉంది.

1766లో ఈ తీరంతో కూడిన ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాక ఆ తెలిసినతనానికి అధికారం కూడా తోడైంది. ఉద్దానంలో కోటలు కట్టలేదు, పెద్ద ఫ్యాక్టరీలూ పెట్టలేదు; అయినా ఏ సరుకు ఏ దారిన పోవాలో బయటివాళ్ళే నిర్ణయించారు. బారువ, కళింగపట్నం రేవుల నుంచి స్టీమర్లు సరుకుతోపాటు మనుషులనూ మోసుకుపోయాయి. ఈ ఊళ్ళలో ‘రంగం పోవడం’ అంటే రంగూన్‌కు కూలికి పోవడం. 1917లో మునిగిపోయిన చిల్కా అనే స్టీమర్ శకలాలు బారువ దగ్గర సముద్రంలో ఇంకా ఉన్నాయి. 1893, 1896 మధ్య తీరం వెంబడి రైలు మార్గం పడింది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది. నౌపడ ఉప్పు రైలెక్కింది, చిన్న రేవులు క్రమంగా ఖాళీ అయ్యాయి. సముద్రం పక్కనే ఉన్న ఊళ్ళకు సముద్రం చేపలకు తప్ప మరి దేనికీ దారి కాకుండా పోయింది. టెక్కలి, పలాస ఊళ్ళ పెరుగుదల రైల్వే స్టేషన్ల చుట్టూనే జరిగింది.

జీడి పప్పు ప్రపంచ సరుకైంది చాలా ఆలస్యంగా, 1920లలో. అంతకుముందు మన దేశంలో ఈ చెట్టును ఎక్కువగా నాటింది కోసుకుపోయే ఇసుకను నిలపడానికే. కొల్లం, మంగళూరుల నుంచి పప్పు అమెరికాకు పోవడం మొదలయ్యాక దారిలో పురుగు పట్టడం పెద్ద తలనొప్పైంది. డబ్బాలోంచి గాలి తీసేసి కార్బన్ డయాక్సైడ్ నింపి మూసే పద్ధతి వచ్చాక ఆ బెడద తీరింది. కొనేవాడు అమెరికావాడు కాబట్టి తూకం పౌన్లలో నిలిచింది. మన పంట చాలక తూర్పు ఆఫ్రికా నుంచి, ముఖ్యంగా పోర్చుగీసు పాలనలోని మొజాంబిక్ నుంచి, ముడి పిక్కలు దిగుమతి కావడమూ ఆ రోజుల్లోనే మొదలైంది. అంటే పోర్చుగీసు ఓడలు రెండు తీరాల్లో జల్లిన ఒకే చెట్టు, ఒకచోట ముడి సరుకుగానూ ఇంకోచోట చేతిపనిగానూ విడిపోయి, మళ్ళీ ఓడ మీదే కలుసుకుంది. పలాస ఈ వరసలోకి తర్వాత వచ్చి చేరింది. చుట్టూ ఉద్దానం తోటలు, ఊళ్ళోంచి పోయే మద్రాసు–హౌరా రైలు, తక్కువ కూలికి దొరికే ఆడవాళ్ళ చేతులు. ఈ మూడూ ఉన్నచోట ఫ్యాక్టరీ రాకపోతేనే ఆశ్చర్యం.

ఆ చేతుల దగ్గర కాస్త ఆగాలి. పిక్కను ఎండబెట్టి, ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, ఒక్కొక్కటిగా కోత యంత్రంలో పెట్టి చీలుస్తారు. పెంకు రెండు పొరల మధ్య నల్లటి చిక్కటి జిడ్డు ఉంటుంది. తగిలితే చర్మం పొక్కి ఊడుతుంది. చేతికి బూడిదో నూనో రాసుకుని పనిచేసేది అందుకే. లోపలి పప్పును మళ్ళీ వేడి గదిలో ఆరబెట్టి, ఎర్రటి పొట్టు ఒలుస్తారు. ఒలిచేటప్పుడు గుండు విరిగితే బద్ద అవుతుంది, బద్ద విరిగితే ముక్క అవుతుంది. విరిగిన ప్రతిసారీ ధర పడిపోతుంది. యంత్రాలు వచ్చినా చివరి ఏరివేత కంటితోనూ వేలితోనూ జరిగేదే. పెంకులోంచి తీసిన ఆ నూనె వాహనాల బ్రేకు లైనింగులకూ రంగులకూ పోతుంది. పౌనుకు 240 అనే ముద్ర ఎక్కడో కూర్చున్న కొనుగోలుదారు అవసరం, దాన్ని విరగకుండా నిలబెట్టేది కాశీబుగ్గ మహిళ వేలికొస.

పౌను అనేది ఉత్త అలవాటు, టీవీని అంగుళాల్లో చెప్పడం లాంటిదే కదా, దానికింత కథ ఎందుకని ఎవరైనా అడగొచ్చు. పైగా పలాస పప్పులో ఎక్కువ భాగం తినేది మన దేశమే, ఇందులో విదేశీ పెత్తనం ఎక్కడుంది? పౌనులో తప్పు లేదన్నది నిజమే. కానీ నియమాలు రాసిన రోజున కొనేవాడు ఎక్కడ కూర్చున్నాడో అది చెబుతుంది. ఇక పప్పును మనమే తింటున్నా, పిక్క ధరను నిలబెట్టేది మనం కాదు. ఉద్దానం పంట వేసవిలో కొన్ని వారాలే వస్తుంది. వందలకొద్దీ ఉన్న చిన్నా పెద్దా ఫ్యాక్టరీలు ఏడాదంతా నడవాలంటే అది చాలదు. ఫిబ్రవరి నుంచి ఐవరీ కోస్ట్, బెనిన్ వంటి పశ్చిమాఫ్రికా దేశాల పిక్క. భూమధ్యరేఖకు దిగువన కాలం తిరగబడి ఉంటుంది కాబట్టి అక్టోబరు నుంచి టాంజానియా పిక్క. ఐవరీ కోస్ట్ ఒక్కటే ఏటా 10 లక్షల టన్నుల స్థాయిలో పండిస్తోంది. ఆ పిక్క విశాఖ రేవుకు ఏ ధరకు చేరుతుందో, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు రైతు బస్తాకు అంతకు మించి పలకడం కష్టం. 80 కిలోల బస్తాకు 16 వేల రూపాయలు ఇప్పించాలని రైతు సంఘాలు ఇటీవలి ఏళ్ళలో రోడ్డెక్కింది అందుకే. పైగా నష్టం సమానంగా పడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. కొత్త మొక్క నిండు కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆఫ్రికా బస్తాకు ఆ ఆలస్యం లేదు.

ఫ్యాక్టరీవాళ్ళు చెప్పేదీ కొట్టిపారేసేది కాదు. దిగుమతి ఆపితే ఏడాదిలో ఎక్కువ నెలలు పని ఉండదు, కూలీ నష్టపోతుంది. ఇది రైతుకూ కూలీకీ మధ్య తగువు అనుకుంటే దారి దొరకదు. మొజాంబిక్ చూడండి. 1970ల మొదట్లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ జీడి పండించిన దేశం అది. 1990ల నడుమ ప్రపంచ బ్యాంకు ఒత్తిడితో ముడి పిక్క ఎగుమతి మీద పన్ను తగ్గించింది. రైతుకు మంచి ధర వస్తుందని చెప్పారు. పిక్క ఓడలెక్కి ఇండియాకు వచ్చేసింది. అక్కడ ఫ్యాక్టరీలు మూతపడి వేలమంది ఉపాధి పోయింది. తర్వాత లెక్కకట్టిన ఆర్థికవేత్తలకు రైతు చేతికి సగటున ఏడాదికి పది డాలర్లు కూడా అదనంగా దక్కినట్టు తేలలేదు. ఆనాడు మనం లాభపడిన పక్షాన ఉన్నామన్న సంగతి పలాసలో పెద్దగా వినబడదు. వియత్నాం కథ దీనికి ఎదురు. కోత యంత్రాలు తామే తయారుచేసుకుని, పిక్కలో సింహభాగం ఆఫ్రికా నుంచి, కాంబోడియా నుంచి తెచ్చుకుంటూ, 2000ల నడుమ ఎగుమతిలో మనల్ని దాటేసింది. చెట్టు ఎవరి నేలలో ఉందన్నది ఈ పోటీలో చిన్న విషయమైంది. డచ్చి గుమస్తా కాలం నుంచీ గెలుస్తున్నది రెండు కొసల ధరా తెలిసి, దారి మీద పట్టున్నవాడే.

ఇప్పుడు ఆ దారి మళ్ళీ ఇంటి ముందుకు వస్తోంది. టెక్కలికి దిగువన సంతబొమ్మాళి మండలం మూలపేట దగ్గర, మొదట భావనపాడు పేరుతో తలపెట్టిన రేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. బారువ, కళింగపట్నం మూగబోయిన చాలాకాలానికి ఈ జిల్లాకు పెద్ద ఓడలొచ్చే రేవు. అది తెరుచుకుంటే ఆఫ్రికా పిక్కకు విశాఖ నుంచి లారీ కిరాయి తప్పుతుంది, ఫ్యాక్టరీకి ఖర్చు తగ్గుతుంది. అదే పిక్క ఉద్దానం తోటకు కొద్ది కిలోమీటర్ల దూరంలో దిగుతుంది కాబట్టి రైతుకు ఇప్పుడున్న కాస్త ధర ఆసరా కూడా పోవచ్చు. రేవు రెండు వైపులా పనిచేయాలంటే పలాస పప్పు, పెంకు నూనె నేరుగా అక్కడి నుంచే బయటికి పోయే ఏర్పాటు కావాలి. రైతులకూ చిన్న ఫ్యాక్టరీలకూ ఉమ్మడి గిడ్డంగులు కావాలి, ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ ధర అదే రోజు పలాసలో అందరికీ తెలియాలి. ముడి పిక్క మీద దిగుమతి సుంకాన్ని 2018లో 5 శాతం నుంచి రెండున్నరకు తగ్గించారు. పశ్చిమాఫ్రికా పిక్క ఓడల్లో ఉండే వేళకే ఉద్దానం పిక్క కళ్ళాల్లో ఉంటుంది. ఆ ఏప్రిల్, మే నెలలకైనా సుంకం వేరుగా ఉండాలా, లేక రైతుకు ఇంకో రూపంలో మద్దతు ధర ఇవ్వాలా అన్నది మొదటి ఓడ మూలపేటలో లంగరు వేయకముందే తేల్చాల్సిన సంగతి.