గోడలు ఆపలేని క్షేత్రం

హైదరాబాదులోని గాంధీనగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ వంటి ఇరుకు ప్రాంతాల్లో వీధి ట్రాన్స్‌ఫార్మర్లు బాల్కనీలకు చేరువగా ఉండటం, డాబాలపై సెల్ యాంటెన్నాలు నిలబడటం, 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైన జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో మార్గంలో 25,000 వోల్టుల తీగ మేడల పక్కగా సాగడం వల్ల, ఇంట్లోకి చేరే విద్యుదయస్కాంత క్షేత్రాలపై అక్కడి నివాసులకు సందేహం కలగడం సహజమే. అది తీరాలంటే ముందుగా దేన్ని కొలవాలో తెలియాలి, ఎందుకంటే ఈ క్షేత్రాలన్నీ ఒక జాతివి కావు.

ఇంటికి వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు పూర్తి చేస్తుంది. ఈ సంఖ్యనే పౌనఃపున్యం అంటారు. తీగలో వోల్టేజీ ఉన్నంతసేపూ, ఏ పరికరమూ నడవకపోయినా, దాని చుట్టూ విద్యుత్ క్షేత్రం ఉంటుంది. తీగలో విద్యుత్తు ప్రవహించినప్పుడు అయస్కాంత క్షేత్రం కూడా తోడవుతుంది. మొదటిదాన్ని గోడలు చాలావరకు అడ్డుకుంటాయి గాని రెండోదాన్ని ఇటుక, సిమెంటు ఆపలేవు. సెల్‌ఫోన్లు, వైఫై రౌటర్లు వెలువరించే రేడియో తరంగాల పౌనఃపున్యం సెకనుకు కోట్ల ఆవృత్తులకు పైమాటే కాబట్టి వాటిని కొలిచే సాధనమూ, ప్రమాణమూ వేరు.

అయస్కాంత క్షేత్రాన్ని మైక్రోటెస్లాలలో, అంటే టెస్లాలో పదిలక్షో వంతులలో, కొలుస్తారు. 50 ఆవృత్తుల క్షేత్రానికి ప్రజల విషయంలో అంతర్జాతీయ అయనీకరణేతర వికిరణ రక్షణ సంఘం 2010లో సూచించిన పరిమితి 200 మైక్రోటెస్లాలు. అయితే సగటున 0.3 నుంచి 0.4 మైక్రోటెస్లాలకు మించిన ఇళ్లలో పెరిగిన పిల్లల్లో రక్తక్యాన్సర్ కొంత ఎక్కువగా కనిపించిందన్న గణాంకాల ఆధారంగా, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ క్షేత్రాలను క్యాన్సర్ కలిగించే అవకాశమున్న 2బి వర్గంలో చేర్చింది. కలబంద పూర్తి ఆకు సారం కూడా అదే వర్గంలో ఉందన్న సంగతి వార్తల్లో అంతగా కనిపించదు. కార్యకారణ సంబంధం ఇంతవరకు రుజువు కాలేదు; కనుక ఖర్చులేని జాగ్రత్త సమంజసం, కంగారు అనవసరం.

కొలత విషయంలో తరచుగా జరిగే పొరపాటు ఫోన్‌లోని యాప్‌ను నమ్మడం. ఫోన్‌లోని అయస్కాంత సూచిక దిక్సూచి కోసం అమర్చినది. అది హైదరాబాదులో సుమారు 40 మైక్రోటెస్లాలుండే భూమి స్థిర క్షేత్రాన్ని చూపుతుంది గాని సెకనుకు 50 సార్లు ఊగే క్షేత్రాన్ని సరిగా పట్టుకోలేదు. దానికి ఏకాంతర అయస్కాంత క్షేత్రాలను మూడు దిశల్లోనూ కొలిచే గాస్‌మీటరు కావాలి. ఒకే దిశలో కొలిచేదైతే దాన్ని తిప్పుతూ మూడు రీడింగులు తీసుకోవాలి. గోడకు ఆనించి కాకుండా తల ఉండే దిండు దగ్గర, పిల్లలు చదువుకునే కుర్చీ దగ్గర, ఏసీలు నడిచే రాత్రివేళ కొలిస్తేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది. మెట్రో పక్క ఇళ్లలో రైలు వేగం పుంజుకున్నప్పుడు తీగలో విద్యుత్తు పెరిగి, అది వెళ్లిపోయాక తగ్గుతుంది కనుక ఒక్క రీడింగు చాలదు, గంటల తరబడి సగటు చూడాలి.

మెయిన్ స్విచ్చి ఆపినా రీడింగు తగ్గకపోతే మూలం బయట ఉన్నట్టు. తగ్గితే ఇంట్లోనే ఉన్నట్టు. ఫేజు, న్యూట్రల్ తీగలు పక్కపక్కనే సాగితే వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి దాదాపు రద్దు చేసుకుంటాయి గాని, పాత వైరింగులో రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లు కలిసిపోయినా, న్యూట్రల్ ఎర్తుకు తగిలినా ఆ సమతూకం చెడి గది నిండా క్షేత్రం పరచుకుంటుంది. ఈ లోపాన్ని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ సరిచేస్తే షాకు ప్రమాదమూ తగ్గుతుంది, నిజానికి అదే పెద్ద లాభం.

మిగిలినదంతా దూరం చేసే పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం 3 సెంటీమీటర్ల దూరంలో 6 నుంచి 2000 మైక్రోటెస్లాల వరకు చూపే హెయిర్ డ్రయర్, మీటరు దూరంలో 0.03కు మించదు. అందువల్ల మీటరు బోర్డో, ఫ్రిజ్ వెనుకభాగమో, ఇన్వర్టరో ఉన్న గోడకు అవతలివైపు మంచం తల ఉంటే, మంచాన్ని ఎదుటి గోడకు జరపడమే అన్నిటికన్నా చవకైన నివారణ. అశోక్‌నగర్ కోచింగ్ హాస్టళ్లలో మంచం జరిపే చోటు లేకపోయినా తలా కాళ్లూ అటూఇటూ మార్చుకోవచ్చు.

రేడియో తరంగాల విషయంలో భారతదేశం 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదోవంతుకు తగ్గించింది. 900 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద అది చదరపు మీటరుకు 0.45 వాట్లు. యాంటెన్నా తరంగాలు ప్రధానంగా అడ్డంగా ప్రసరిస్తాయి గనుక దాని కిందనున్న ఫ్లాటు కంటే అదే ఎత్తులో ఎదురుగా ఉన్న ఫ్లాటుకే అవి ఎక్కువగా చేరతాయి. అనుమానమున్నవారు టెలికాం శాఖ 2017లో ప్రారంభించిన తరంగ్ సంచార్ వెబ్‌పోర్టల్ ద్వారా, రుసుము చెల్లించి అధికారిక కొలత కోరవచ్చు. ఇక సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోను తన శక్తిని పెంచుకుంటుంది కాబట్టి మెట్ల కింద, లిఫ్టులో సుదీర్ఘ సంభాషణలు మానుకోవడం, ఇయర్‌ఫోను వాడటం, రాత్రి దిండు కింద ఫోను పెట్టుకోకపోవడం మేలు.

ఫోను వెనుక అంటించే ‘రేడియేషన్ నిరోధక’ స్టిక్కర్లు మాత్రం కొనవద్దు: అవి తరంగాలను ఆపకపోతే వ్యర్థం, ఆపితే ఫోను మరింత శక్తితో ప్రసారం చేస్తుంది.