పారమట్టా పక్కన పుట్టిన మన ఇంజిన్ చుట్టం

పారమట్టా, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్‌లలో ఉండే మనవాళ్లు చాలామంది రోజూ రైల్లోనే సిడ్నీకి ఉద్యోగాలకు వెళ్లొస్తుంటారు. దారిలో గ్రాన్‌విల్, ఆబర్న్ వస్తాయి. ఫోన్లోంచి తలెత్తి చూడాల్సినంత విశేషం అక్కడేమీ కనపడదు. కానీ కాజీపేటలోనో, విజయవాడలోనో, గుత్తిలోనో పెరిగినవాళ్లకు బాగా తెలిసిన డీజిల్ ఇంజిన్‌కు దగ్గరి చుట్టం ఒకటి ఈ ఆబర్న్‌లోనే తయారైంది.

ఈ ప్రాంతానికి రైలుతో బంధం పాతది. న్యూ సౌత్ వేల్స్‌లో మొదటి రైలు మార్గం 1855 సెప్టెంబరు 26న మొదలైంది. అది సిడ్నీ నుంచి నేటి గ్రాన్‌విల్ దగ్గర ఉన్న పారమట్టా జంక్షన్ వరకు నడిచింది. ఆ తర్వాత ఈ చుట్టుపక్కలే రైలింజిన్ల ఫ్యాక్టరీలు వెలిశాయి. గ్రాన్‌విల్‌లో క్లైడ్ ఇంజినీరింగ్ జనరల్ మోటార్స్ డిజైన్లతో డీజిళ్లు కట్టింది. ఆబర్న్‌లో ఎ.ఇ. గుడ్విన్ కంపెనీ అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, అంటే ఆల్కో నుంచి లైసెన్సు తీసుకుంది.

ఆవిరి ఇంజిన్లను తప్పించి డీజిళ్లు తెచ్చుకోవాలని అప్పట్లో చాలా దేశాలు చూస్తున్నాయి. వాళ్ల కోసం ఆల్కో ‘వరల్డ్ సిరీస్’ పేరుతో డీఎల్ 500 అనే డిజైన్ తెచ్చింది. 1957 నుంచి 1967 వరకు గుడ్విన్ ఆ డిజైన్‌తో న్యూ సౌత్ వేల్స్ రైల్వేకు సరిగ్గా వంద ఇంజిన్లు కట్టి ఇచ్చింది. అవే 44 క్లాస్. ఒక్కోదాని శక్తి 1,800 హార్స్‌పవర్.

అదే 1957లో భారతీయ రైల్వే కూడా ఆల్కో తలుపు తట్టింది. 1959 వరకు తెప్పించుకున్నవి అవీ వందే! డబ్ల్యూడీఎం-1 అని పేరు పెట్టారు. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజ్, డీ అంటే డీజిల్, ఎం అంటే ప్యాసింజర్, గూడ్సు రెండూ లాగేది. రెండింటిలోనూ ఆల్కో 251 రకం, 12 సిలిండర్ల ఇంజినే. అక్కడి పట్టాల వెడల్పు 1,676 మిల్లీమీటర్లు, ఇక్కడ 1,435. మనం అమెరికాలో తయారైనవి కొన్నాం, వీళ్లు ఇంటి దగ్గరే కట్టుకున్నారు.

డబ్ల్యూడీఎం-1కు డ్రైవర్ గది ఒకవైపే ఉండేది. తిరుగు ప్రయాణంలో ఇంజిన్‌ను తిప్పాల్సి వచ్చేది. 44 క్లాస్‌కు మాత్రం ముందు గుండ్రటి ముక్కు, వెనక చదునైన ముఖం, రెండువైపులా డ్రైవర్ గదులు.

తర్వాత కథ తిరగబడింది. ఆల్కో సాంకేతికతను తీసుకుని వారణాసిలో డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ పెట్టారు. 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్ ఉన్న డబ్ల్యూడీఎం-2 అక్కడ 1964 నుంచి బయటికి రాసాగింది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌ను, కృష్ణా ఎక్స్‌ప్రెస్‌ను లాగింది, స్టేషన్ వదిలేటప్పుడు నల్లటి పొగ చిమ్మింది ఇదే. ఆ పొగకు కారణముంది. డ్రైవర్ జోరు పెంచగానే డీజిల్ ఎక్కువగా వెళ్తుంది, గాలిని నెట్టే టర్బో వేగం అందుకోవడానికి మాత్రం కాస్త సమయం పడుతుంది. ఆ మధ్యలో సరిగా మండని డీజిలే పొగ.

అమెరికాలో ఆల్కో 1969లో ఇంజిన్లు కట్టడం ఆపేసింది. 1970ల మొదట్లో గుడ్విన్ దెబ్బతింది, మిగిలిన ఆర్డర్లను గ్రాన్‌విల్‌లోని కామన్వెల్త్ ఇంజినీరింగ్ పూర్తి చేసింది. పుట్టింట్లో దీపం ఆరినా వారణాసిలో వెలుగుతూనే ఉంది. అదే 251 ఇంజిన్‌ను మనవాళ్లు 3,100కు, 3,300 హార్స్‌పవర్‌కు పెంచారు.

అది కేవలం డ్రాయింగులతో అయ్యే పని కాదు. మా నాన్న దక్షిణ మధ్య రైల్వేలో డీజిల్ ఫిట్టర్‌గా రిటైరయ్యారు. ఇక్కడికి వచ్చినప్పుడు 44 క్లాస్ వీడియో పెడితే, కళ్లజోడు పెట్టుకోకముందే చప్పుడు విని “ఇది ఆల్కోనే రా” అన్నారు. ఏ సిలిండర్ సరిగా మండటం లేదో చెవితోనే పట్టేసే పెద్ద మేస్త్రీలు షెడ్డులో ఉండేవారట. నేను రోజూ రాసే సాఫ్ట్‌వేర్‌కు ప్రతి మార్పూ ఎక్కడో రికార్డై ఉంటుంది. ఆ మేస్త్రీల విద్య మాత్రం ఏ కాగితం మీదా లేదు.

ఇప్పుడు మన లైన్లన్నీ దాదాపు కరెంటువే. వారణాసి ఫ్యాక్టరీ 2020లో బనారస్ లోకోమోటివ్ వర్క్స్‌గా పేరు మార్చుకుని కరెంటు ఇంజిన్లు కడుతోంది. ఇంజిన్లను మ్యూజియంలో పెట్టొచ్చు. డబ్ల్యూడీఎం-1 ఒకటి ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో ఉంది కూడా. వాటిని అర్ధరాత్రి విప్పి బిగించిన చేతుల సంగతే ఎవరూ దాచడం లేదు.

మీ ఇంట్లో రైల్వేలో పనిచేసిన నాన్నగారో మామగారో ఉండి, ఈసారి విజిటర్ వీసా మీద వస్తే, ఓపెరా హౌస్ చూపించాక ఒకరోజు థర్ల్‌మియర్ రైలు మ్యూజియానికి తీసుకెళ్లండి. సిడ్నీకి నైరుతిగా 90 కిలోమీటర్ల దూరం. ఇక్కడి పాత డీజిళ్లు అక్కడున్నాయి. పిల్లల్నీ వెంట తీసుకెళ్లి, ఫోన్లో రికార్డింగ్ నొక్కి, ఇది ఎలా పనిచేస్తుందని ఆయన్ను అడగండి. మిగతాది ఆయనే చెప్తారు.