ఇంటికి కీబోర్డు కొనుటకు ముందు

“మా అబ్బాయికి సంగీతమన్న మిక్కిలి మక్కువ. ఒక మంచి కీబోర్డు కొని యీయదలచినాము. ఏది కొనుట మేలు?” ఈ ప్రశ్న మాకు తరచుగా ఎదురగుచుండును. ప్రశ్న చిన్నదే గాని సమాధానము అంత చిన్నది కాదు. దుకాణమునకు పోయిన గృహస్థునకు మొట్టమొదట కనబడునవి అంకెలు. ఈ పెట్టెలో 400 నాదములున్నవందురు. ఆ పెట్టెలో 600 ఉన్నవందురు. ఇందులో 200 లయలు, అందులో 250 లయలు. అంకె పెద్దదైనకొలది వాద్యము గొప్పదని ఆయన తలచుట సహజము. అట్లు తలచి, ఒక నెల జీతము వెచ్చించి తెచ్చిన వాద్యము, ఆరు నెలలు తిరుగకుండగనే దుప్పటి కప్పుకొని బీరువా మీది కెక్కిన యిండ్లను మేము చూచియున్నాము. అట్టి యింట నష్టమైనది ధనమొక్కటియే కాదు. “నాకు సంగీతము రాదు” అను నిరాశ పిల్లవాని మనస్సున నాటుకొనును. దోషము పిల్లవానిది కాదు, ఎన్నికది.

కావున వెలను గూర్చి విచారించుటకు ముందు, ఈ వాద్యము చేయు పని యేమో తెలిసికొందము. మీటలు గల విద్యుద్వాద్యములన్నియు చూపునకు ఒకే తీరున నుండును గాని వానిలో జాతిభేదములు కలవు. పియానో నేర్వదలచినవారికి డిజిటల్ పియానో అని వేరొకటి యున్నది. దానికి 88 మీటలుండును, ఆ మీటలు పియానో మీటలవలె బరువుగా నుండును. క్రొత్త క్రొత్త ధ్వనులను సృష్టింపగోరువారికి సింథసైజరు కలదు. సాధారణముగా మన యిండ్లకు వచ్చునది మూడవ జాతి. దానిని అరేంజర్ కీబోర్డు అందురు. పాశ్చాత్యులు కార్డు అని పిలుచు స్వరగుచ్ఛమును ఎడమ చేతితో మూడు మీటలపై నొక్కినచో చాలును. ఆ గుచ్ఛమేదో వాద్యము తానే గుర్తించి, దానికి తగిన మృదంగఘోషను, మంద్రస్వరమును, తంత్రీవాద్యముల సమూహధ్వనిని తానే పలికించును. కుడిచేయి పాట వాయించును. ఎడమ చేయి గుచ్ఛమును మార్చగనే వెనుకనున్న వాద్యబృందమంతయు మారును.

ఇట్టి వాద్యసహకారపు అమరికకు స్టైలు అని పేరు. మంచి స్టైలులో ఉపక్రమము, రెండు మొదలు నాలుగు వరకు ప్రధానభాగములు, నడుమ నడుమ వచ్చు చిన్న విన్యాసములు, ముగింపు అను అంగములుండును. ఒక్క మనిషి ఒక బృందమగుట ఈ వాద్యపు ఆకర్షణ. చర్చి గాయకబృందముల యందు, భజనమందిరముల యందు, పెండ్లి పాటకచ్చేరీల యందు ఇది యింతగా వ్యాపించుటకు కారణము నిదియే.

అయితే ఈ వాద్యము పాశ్చాత్య సంగీతపు కడుపున పుట్టినది. మన పాట దానిపై పలుకవలెనన్న రెండు చిక్కు లెదురగును. మొదటిది శ్రుతి, రెండవది రాగము.

శ్రుతిని గూర్చిన చిక్కు రేడియోవారికి క్రొత్తది కాదు. ఆకాశవాణి 1940 మార్చిలో హార్మోనియమును తన కార్యక్రమములనుండి బహిష్కరించెను. ఆ నిషేధము 1971 వరకు సడలలేదు. ముప్పది సంవత్సరములు నిలిచిన ఆ తీర్పును కొందరు మెచ్చిరి, కొందరు నిందించిరి. కాని దాని వెనుకనున్న ఆక్షేపణలు రెండును నేటి కీబోర్డునకును వర్తించును. మీటల వాద్యములో ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారుటకు వీలులేదు. స్వరస్థానములు ముందే బిగింపబడి యున్నవి.

కొలతలతో చెప్పుదము. ఒక స్థాయిని 1200 భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును సెంటు అందురు. కీబోర్డుపై ప్రక్కప్రక్కనున్న రెండు మీటల మధ్య సరిగా 100 సెంట్లుండును. తంబురాను చక్కగా శ్రుతి చేసి మీటినప్పుడు, మంద్రషడ్జపు తంతినుండి ఒక గాంధారము తనంతట తాను వినవచ్చును. అది షడ్జమునకు సుమారు 386 సెంట్ల పైన నుండును. కీబోర్డులోని అంతరగాంధారము 400 సెంట్లపై నుండును. అనగా 14 సెంట్లు హెచ్చు. పంచమమున మాత్రము భేదము రెండు సెంట్లే. దానిని చెవి పట్టదు. కనుకనే తంబురా నాదముతో కలిపి వాయించినప్పుడు కీబోర్డు పంచమము హాయిగాను, గాంధారము కొంచెము కరకుగాను తోచును.

దీనికి ప్రతిక్రియ లేకపోలేదు. కొన్ని వాద్యములలో పన్నెండు స్వరములను విడివిడిగా హెచ్చుతగ్గులు చేసికొను సదుపాయము కలదు. దానికి స్కేల్ ట్యూనింగ్ అని పేరు. మరికొన్నింట ఎడమవైపున పిచ్ బెండు అను చక్రముండును. మీటను నొక్కియుంచి ఆ చక్రమును త్రిప్పినచో స్వరము క్రమముగా జారును. వీణపై తంతిని ప్రక్కకు లాగి పలికించు గమకమునకు ఇది సమానము కాజాలదు గాని, బొత్తిగా లేనిదానికంటె మేలు. కర్ణాటక సంగీతమో, దానిపై ఆధారపడిన లలితసంగీతమో నేర్వదలచిన పిల్లవానికి ఈ చక్రము లేని వాద్యమును కొనకుడని మా సలహా. అల్ప మూల్యపు వాద్యములు పెక్కింటిలో ఇది యుండదు. 600 నాదములున్నవని పెట్టెమీద పెద్ద అక్షరములతో అచ్చువేయుదురు. చక్రము లేదని మాత్రము ఎవరును అచ్చువేయరు.

రెండవ చిక్కు ఇంతకంటె సూక్ష్మమైనది. మోహనరాగమును తీసికొందము. అందులో షడ్జము, చతుశ్రుతి రిషభము, అంతర గాంధారము, పంచమము, చతుశ్రుతి ధైవతము మాత్రమే యుండును. మధ్యమ నిషాదములు లేవు. కీబోర్డు శిక్షణ ఆరంభమున పిల్లలకు నేర్పు మూడు గుచ్ఛములు సి, ఎఫ్, జి అనునవి. షడ్జమును సి మీటపై నుంచినచో, సి గుచ్ఛములో స, గ, ప లుండును, మోహనకు సరిపోవును. ఎఫ్ గుచ్ఛములో మధ్యమము వచ్చిచేరును. జి గుచ్ఛములో నిషాదము వచ్చిచేరును. కుడిచేయి శుద్ధముగా మోహనను వాయించుచుండగా, ఎడమచేతి క్రిందినుండి ఆ యంత్రము రాగమునకు పరాయివైన స్వరములను ఘోషించుచుండును. యంత్రమునకు గుచ్ఛములు తెలియును గాని రాగము తెలియదు. విను చెవి పిల్లవానికి ఉన్నను, చిక్కెక్కడనో తెలియక, తన వేళ్లనే తప్పుపట్టుకొనును. ధ, స, గ లతో కూడిన ఎ మైనరు గుచ్ఛము మోహనకు సరిపోవునని చెప్పగల గురువు దొరకినచో అదృష్టము. దొరకనిచో, రాగములు వాయించునప్పుడు ఎడమచేతి సహకారమును ఆపివేసి, షడ్జపంచమములను మాత్రము నిలిపియుంచుట ఉత్తమము.

తాళమును గూర్చియు ఒక మాట. స్టైళ్లలో అధికభాగము నాలుగు లెక్కలవి, తక్కినవి మూడు లెక్కలవి. ఆదితాళపు పాటకును రూపకమునకును ఇవి చాలును. మిశ్రచాపున ఏడు, ఖండచాపున ఐదు లెక్కలు. ఈ రెండును వాద్యములో నున్నవా, లేనిచో మనమే క్రొత్త స్టైలును కూర్చి దాచుకొను వీలున్నదా అని అడుగవలెను. భారతదేశపు విపణిని దృష్టియందుంచుకొని కొన్ని సంస్థలు ప్రత్యేకముగా వాద్యములు చేయుచున్నవి. యమహావారి పి.ఎస్.ఆర్. ఐ వరుస, కేసియోవారి సి.టి. ఎక్స్ వరుసలో పేరు చివర ఐ.ఎన్. అను అక్షరములు గలవి ఇట్టివే. సితారు, తబలా మున్నగు దేశీయ నాదములును, మన లయలును అందులో చేర్చినారు. కాని పేరు చూచి తృప్తిపడరాదు. ఆ లయను విని, దానితో చేతితాళము వేసి చూడవలెను.

ఇక వెల హెచ్చినకొలది హెచ్చునదేమి? మీటల సంఖ్య గృహస్థునకు అంత ముఖ్యము కాదు. 61 మీటలు, అనగా ఐదు స్థాయిలు, ఇంటి సంగీతమునకు చాలును. కాని మీటలు పూర్తి పరిమాణముననే యుండవలెను. చిన్న మీటలపై అలవాటుపడిన వ్రేళ్లు తరువాత పెద్ద మీటలపై తడబడును. వ్రేలి ఒత్తిడిని బట్టి ధ్వని పెరుగుట తగ్గుట, అనగా టచ్ రెస్పాన్సు, తప్పక యుండవలెను. అది లేనిచో మెల్లగా నొక్కినను గట్టిగా నొక్కినను ఒకే ధ్వని వచ్చును. భావమును పలికించుట పిల్లవాడు ఎన్నటికిని నేర్వడు.

పాలిఫనీ అను మాట యొకటి కలదు. ఒకే క్షణమున వాద్యము ఎన్ని స్వరములను పలుకగలదో ఆ సంఖ్య యిది. పది వ్రేళ్లకు పది స్వరములు చాలవా యని సందేహింపవచ్చును. చాలవు. వెనుక వాయించు బృందమే పది పన్నెండు స్వరములను తీసికొనును. కుడిచేతికి రెండు నాదములు జోడించినచో మూడు వ్రేళ్లకు ఆరు స్వరములగును. పెడలు త్రొక్కినచో విడిచిన స్వరములును నిలిచియుండును. 32 స్వరముల వాద్యములో ఇట్టి వేళ మొదటి స్వరములు హఠాత్తుగా తెగిపోవును. ఇంటికి 64 స్వరములున్న చాలును.

నాదముల సంఖ్యను గూర్చి మాత్రము తొందరపడవలదు. 1991లో ఏర్పడిన జనరల్ మిడి అను ఒప్పందము ప్రకారము 128 నాదములు ఒక క్రమములో నుండును. అంకెలు పెద్దవిగా కనబడు వాద్యములలో పెక్కు నాదములు ఒకదానికొకటి స్వల్పభేదము గలవియే. 600 నాదములు గల వాద్యమును కొన్న పిల్లవాడు నిత్యము వాడునవి పదికి మించవు. ఆ పది ఎట్లున్నవో వినుటయే పరీక్ష.

వెలలను మూడు మెట్లుగా భావింపవచ్చును. పదివేల రూపాయలకు అటునిటు మొదటి మెట్టు. ఇందులో టచ్ రెస్పాన్సు గల 61 మీటల వాద్యము దొరకుచో ఆరంభకునకు చాలును. ఈ మెట్టులోని వాద్యములు పెక్కు బ్యాటరీలతోను పనిచేయును. కరెంటు పోవు ఊళ్లలో ఇది చిన్న విషయము కాదు. ఇరువది ముప్పదివేలు పైబడినది రెండవ మెట్టు. ఇందులో పిచ్ బెండు చక్రము, మెరుగైన స్పీకర్లు, క్రొత్త స్టైళ్లు కూర్చుకొను వీలు వచ్చును. లక్షకు చేరువై ఆపైకి పోవునది మూడవ మెట్టు. 2023లో వెలువడిన యమహా జెనోస్ 2 వంటివి ఈ మెట్టు శిఖరమున నున్నవి. వాని వెల లక్షలలో నుండును. అవి వేదికపై వాయించి జీవనము సాగించువారి పనిముట్లు. ఇంటి యభ్యాసమునకు అవి అనవసరము.

చెప్పిన వెలయే తుదివెల యని నమ్మరాదు. స్టాండు, పెడలు, హెడ్‌ఫోను, ముసుగు, ఒక్కొక్కప్పుడు అడాప్టరు సహితము విడిగా కొనవలసివచ్చును. పదిరూపాయలున్నచో ఎనిమిది వాద్యమునకు, రెండు వీనికి అని ముందుగానే లెక్కవేసికొనుట మంచిది. పాతవాద్యమును కొనువారు ప్రతి మీటను ఒకే ఒత్తిడితో వరుసగా నొక్కి చూడవలెను. ఏదేని మీట హఠాత్తుగా బిగ్గరగా పలికినను, మూగవోయినను, దాని అడుగునున్న రబ్బరు అరిగినదని గ్రహింపవలెను. అడాప్టరు విషయమున మరింత జాగ్రత్త అవసరము. కొన్ని వాద్యములకు నడిమి ముల్లు ధనము, కొన్నింటికి ఋణము. ముల్లు సరిపోయినదిగదా యని వేరొక అడాప్టరు తగిలించినచో వాద్యము ఆ క్షణముననే చెడవచ్చును.

దుకాణములో ఏమి చేయవలెను? అమ్ముటకు నిలిచిన యువకుడు మొదట పెద్ద ధ్వనితో ఒక స్టైలును వాయించి చూపును. అది ఎంత ఘనముగా నున్నను, వాయించుచున్నది యంత్రము. మీరు వినయముగా దానిని ఆపుమనుడు. ధ్వనిని తగ్గింపుడు. ఇంటిలో పాడువారి శ్రుతి ఏదో ముందే తెలిసికొని పోయి, ట్రాన్స్‌పోజ్ మీటతో వాద్యమును ఆ శ్రుతికి మార్పుడు. ఒకటవ శ్రుతి సి, రెండవది డి, ఐదవది జి, ఐదున్నర జి షార్పు. ఆ మీద వేణువో వయొలినో ఎన్నుకొని షడ్జమును నిలుపుడు, పంచమమును నిలుపుడు. పిల్లవానిని పిలిచి, వానికి వచ్చిన సరళీస్వరములను మాయామాళవగౌళలో పాడుచు వాయింపుమనుడు. వాని గొంతు ఆ నాదముతో కలిసినదా? మీట వాని వ్రేలికి వశమైనదా? ఈ రెండింటికి అవునన్న సమాధానము వచ్చినచో, పెట్టెమీది తక్కిన అంకెలను చదువకున్నను నష్టము లేదు.

ఇంటికి తెచ్చిన తరువాత మొదటి మూడు నెలలు స్టైలు మీటను ముట్టరాదను నియమము పెట్టుకొనుడని మా మనవి. బృందము వెంట నడచుట సులభము. ఒంటరిగా లయ తప్పక నడచుట కష్టము. కష్టమైనది ముందు నేర్చినవానికి బృందము తోడగును. సులభమైనది ముందు నేర్చినవాడు, ఆ బృందము ఆగిన క్షణముననే తానును ఆగిపోవును.